ఘాటీ ఎక్కే బండికి ఊపిరి

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఇవాళ నేను ఎత్తుకున్న సంగతి వినగానే "ఇదేమిటమ్మా, ఊరగాయల గురించో పిల్లల చదువుల గురించో చెప్పక కార్ల ఇంజన్ల గురించి చెబుతుందేమిటి?" అని మీరు ముక్కుమీద వేలేసుకుంటారని నాకు తెలుసు. ఆ వేలు కాస్త తీసి వినండి. ఇంట్లో కారో, జీపో, ట్యాక్సీయో వుంటే దాని వాయిదాలు కట్టేది ఇంటి డబ్బుతోనే. అది కొండ ఎక్కేటప్పుడు అందులో కూర్చునేది మన పిల్లలే. దానిమీద మన తమ్ముడో, మేనల్లుడో బతుకుతూంటే, ఆ బండి షెడ్డులో పడిన నెల బియ్యం డబ్బా అడుగు చూసేది మనమే. అలాంటప్పుడు బండి సంగతి మగవాళ్ళ సంగతి అని ఊరుకోవడం మనకి చెల్లదు.

మాది పొందూరు. పొందూరు అనగానే అందరికీ సన్నఖద్దరు గుర్తుకొస్తుంది. వాలుగ చేప దవడతో దూదిని దువ్వి, ఏకులు చేసి, వెంట్రుకలాంటి నూలు వడికే చేతులు మా ఊరివి. అయితే మా ఊరి కుర్రాళ్ళందరూ రాట్నం ముందు కూర్చోరు కదా! కొందరు బాడుగ కార్లు నడుపుతారు. మాది మైదానం. వాళ్ళ బేరాలన్నీ కొండలమీదికి. విజయనగరం, శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాటీ ఎక్కి అరకు వెళతారు. లేకపోతే రామభద్రపురం, సాలూరు మీదుగా సుంకి ఘాటీ ఎక్కి పొట్టంగి, కోరాపుట్ వెళతారు. తెల్లవారుజామున సముద్రానికి చేరువలో బయల్దేరిన బండి భోజనాల వేళకి సుమారు 900 మీటర్ల ఎత్తున వుంటుంది. సాయంత్రం మళ్ళీ దిగి వస్తుంది. ఒక్కరోజులో అంత ఎత్తు ఎక్కి దిగడం మనిషికే ఆయాసం. మరి బండి మాటేమిటి? ఆ ఆయాసం పోగొడతామంటూ ఈమధ్య పట్నాల్లో కొందరు అమ్ముతున్న మందు మాటేమిటి? ఇవాళ చెప్పుకోబోయేది అదే.

ముందు గాలి సంగతి చూద్దాం. గాలికి బరువుందని చిన్నప్పుడు బళ్ళో చదువుకున్నాం. మనం గాలి సముద్రం అడుగున బతుకుతున్నాం. పైన వున్న గాలి అంతా మనమీద కూర్చుని వుంటుంది. కొండ ఎక్కేకొద్దీ నెత్తిమీద గాలి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, గాలి పలచబడుతుంది. సముద్రం ఒడ్డున గాలి ఒత్తిడి 1013 మిల్లీబార్లు వుంటే, అరకు ఎత్తుకి వెళ్ళేసరికి సుమారు 910 అవుతుంది. నమ్మకం లేకపోతే ఈసారి అరకు వెళ్ళేటప్పుడు కింద కొన్న చిప్స్ పొట్లాం విప్పకుండా సంచిలో వుంచండి. పైకి వెళ్ళేసరికి అది బూరెలా పొంగి కూర్చుంటుంది. లోపలి గాలి పెరిగి కాదు, బయటి గాలి తగ్గి.

వంటలో కూడా తెలుస్తుంది. ఇక్కడ నీళ్ళు వంద డిగ్రీలకి మరుగుతాయి. ప్రతి 300 మీటర్లకీ సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. అంటే అరకులో నీళ్ళు 97 డిగ్రీలకే కళపెళా మరిగిపోతాయి. చూడ్డానికి మరుగుతున్నా పప్పు మాత్రం ఉడకదు. అక్కడ కాపురముండే ఆడవాళ్ళని అడగండి, కందిపప్పుకి ఎంతసేపు పడుతుందో చెబుతారు.

ఇప్పుడు పొయ్యి దగ్గరికి వద్దాం. కట్టెలపొయ్యి వాడినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. కట్టెలు నిండా తోసి గాలి ఆడకుండా చేస్తే ఏమవుతుంది? మంట రాదు, నల్లటి పొగ వస్తుంది, కళ్ళు మండుతాయి. అప్పుడు ఊదుగొట్టం తీసుకుని ఒక్క ఊపు ఊదుతాం. భగ్గున లేస్తుంది. కట్టెలు అవే, పొయ్యి అదే. పెరిగింది గాలి ఒక్కటే. ఇంజను కూడా ఒక పొయ్యే. డీజిలో, పెట్రోలో కట్టె. గాలి లేకపోతే అది మండదు. కొండమీద గాలి పలచగా వుంది కాబట్టి ఒక్కొక్క గుక్కలో ఇంజనుకి అందే గాలి తగ్గుతుంది. తనంతట తాను గాలి పీల్చుకునే మామూలు ఇంజను ప్రతి వెయ్యి మీటర్లకీ తన బలంలో సుమారు పదోవంతు పోగొట్టుకుంటుంది. పాత అంబాసిడర్లు, ఫియట్‌లు ఘాటీ మధ్యలో మూలుగుతూ నల్లపొగ కక్కడం మా తరం చూసింది. వాటి కార్బురేటరుకి ఎత్తు సంగతి తెలియదు. గాలి తగ్గినా పెట్రోలు తగ్గించేది కాదు. పొయ్యి నిండా కట్టెలు తోసినట్టే.

ఈ చిక్కుకి మనుషులు కనిపెట్టిన ఉపాయం ఊదుగొట్టమే. ఇంజనులోకి గాలిని బలవంతంగా నెట్టడం. ఇందులో రెండు రకాలున్నాయి. ఇంజను ఇరుసు నుంచే బెల్టు వేసి గాలిపంకాను తిప్పేది ఒకటి. దాన్ని సూపర్ ఛార్జరు అంటారు. దాని మొదటి రూపం రూట్స్ అనే అన్నదమ్ములు అమెరికాలో 1860లో చేసిన యంత్రం. ఇనుము కరిగించే పెద్ద కొలుములకి గాలి ఊదడానికి అది పనికొచ్చింది. అంటే మన కమ్మరి కొలిమితిత్తికి అది పెద్దన్న అన్నమాట. రెండోది టర్బో. దీన్ని ఆల్ఫ్రెడ్ బూషీ అనే స్విట్జర్లాండు ఇంజనీరు 1905లో పేటెంటు చేశాడు. ఇంజనులోంచి వృథాగా పోయే వేడిపొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండో కొసన వున్న ఇంకో చక్రం బయటి గాలిని పీల్చి, నొక్కి, ఇంజనులోకి తోస్తుంది. పొయ్యిలోంచి పోయే పొగే తిరిగి పొయ్యిని ఊదినట్టు! చేతిలో ఇమిడే ఆ చక్రం నిమిషానికి లక్షచుట్లు దాటి తిరుగుతుంది. మా ఊళ్ళో రాట్నం తిప్పే పెద్దమ్మలు ఈ లెక్క వింటే నవ్వుతారు.

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిలు పంపు అడుగున చెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది. టర్బో గాలిని రెండింతలు నొక్కేసరికి ఆ గాలి వంద డిగ్రీలు దాటిపోతుంది. వేడిగాలి మళ్ళీ పలచనే. అందుకని దాన్ని చల్లార్చడానికి రేడియేటరులాంటి ఇంకో జల్లెడ పెడతారు. దాన్ని ఇంటర్ కూలరు అంటారు. టర్బో నుంచి ఇంటర్ కూలరుకీ, అక్కడినుంచి ఇంజనుకీ లావుపాటి రబ్బరు గొట్టాలు వుంటాయి. ఈ గొట్టాల సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

టర్బోకి పెద్ద పరీక్ష జరిగింది కొండమీదే. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో పైక్స్ పీక్ అనే శిఖరం వుంది. ఎత్తు 14,000 అడుగుల పైమాట. 1918లో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు లిబర్టీ అనే విమానం ఇంజన్ని ఆ కొండమీదికి ఎక్కించి నడిపి చూశాడు. కింద 350 గుర్రాల బలం ఇచ్చే ఇంజను పైన 230 మాత్రమే ఇచ్చింది. టర్బో తగిలించాక అదే కొండమీద 356 ఇచ్చింది. కొండ తినేసిన బలాన్ని టర్బో తిరిగి తెచ్చిపెట్టింది.

ఆ కొండమీదే ఏటా కార్ల పందెం జరుగుతుంది. సుమారు 20 కిలోమీటర్ల దారి, 156 మలుపులు. 2,862 మీటర్ల దగ్గర మొదలై 4,300 మీటర్ల దగ్గర ముగుస్తుంది. 1985లో ఆ పందెం గెలిచి, అప్పటివరకూ వున్న రికార్డుని బద్దలుకొట్టింది ఎవరో తెలుసునా? మిషెల్ మూటన్ అనే ఫ్రెంచి ఆడమనిషి. టర్బో వున్న ఆడీ క్వాట్రో కారుతో 11 నిమిషాల 25 సెకన్లలో కొండ ఎక్కేసింది. అప్పుడా దారి మట్టిరోడ్డు. పక్కన కటకటాలు లేని లోయ. "ఆడవాళ్ళకి బండ్ల సంగతి ఏం తెలుస్తుంది?" అని ఎవరైనా అంటే ఆవిడ పేరు చెప్పండి, చాలు.

ఇక అసలు సంగతి. ఇప్పుడు వచ్చే డీజిలు కార్లలో దాదాపు అన్నిటికీ టర్బో వుంది. చిన్న పెట్రోలు కార్లలో కూడా చాలావాటికి వుంది. బండి లోపల ఒక చిన్న కంప్యూటరు కూర్చుని బయటి గాలి ఒత్తిడి ఎంత, లోపలికి పోతున్న గాలి ఎంత అని క్షణక్షణం కొలుస్తూ దాన్నిబట్టి డీజిలో పెట్రోలో పోస్తుంది. అలాంటప్పుడు మళ్ళీ ట్యూనింగు ఎందుకు? బండిని కంపెనీ ఇచ్చినదానికంటే జోరుగా పరిగెత్తించాలన్న సరదా కొందరిది. ఘాటీలో వెనకపడకూడదన్న ఆత్రం కొందరిది. కంప్యూటరులో లెక్కలు మార్చేవాళ్ళు, మధ్యలో ఒక చిన్న పెట్టె తగిలించేవాళ్ళు, పాతబండ్లకైతే డీజిలు పంపు మరమేకు తిప్పి ధార పెంచేవాళ్ళు వున్నారు. "బండి బాణంలా ఎక్కుతుంది" అంటారు. కొన్నాళ్ళు ఎక్కుతుంది కూడా. తరవాత ఏమవుతుందో తెలియాలంటే మన ప్రెషరు కుక్కరు దగ్గరికి వెళ్ళాలి.

కుక్కరు మూతమీద వెయిటు ఎందుకు పెడతాం? లోపల ఆవిరి ఒక హద్దు దాటగానే అది లేచి కొంత ఆవిరిని వదిలేస్తుంది. టర్బోకి కూడా అలాంటి వెయిటే వుంది. దాన్ని వేస్ట్ గేటు అంటారు. ఒత్తిడి హద్దుకి రాగానే అది తెరుచుకుని కొంత పొగని చక్రం మీదికి పోకుండా పక్కదారిన పంపేస్తుంది. చక్రం హద్దుమీరి తిరగకుండా కాపాడేది అదే.

ఇక్కడ ఒక కిటుకుంది. కుక్కరు వెయిటు కొలిచేది లోపలి ఒత్తిడికీ బయటి ఒత్తిడికీ వున్న తేడాని. అరకులో బయటి ఒత్తిడే తక్కువ. కాబట్టి వెయిటు అదే అయినా లోపలి అసలు ఒత్తిడి ఇక్కడికంటే తక్కువే వుంటుంది. అందుకే అక్కడ కుక్కరులో పెట్టినా పప్పుకి ఇంకో విజిలు కావాలి. పాతకాలం టర్బోల్లో స్ప్రింగుతో పనిచేసే వేస్ట్ గేట్లు అచ్చం ఇలాగే వుండేవి. ముందు అద్దం కింద వున్న ముల్లు కిందా పైనా ఒకే అంకె చూపించేది, కానీ ఇంజనుకి పైన అందే గాలి మాత్రం తక్కువ. కొండలకోసం బండిని సరిచేసేవాడికి తెలియాల్సిన మొదటి పాఠం ఇదే. ఆ ముల్లు చూపించే అంకె వేరు, ఇంజనుకి నిజంగా అందే గాలి వేరు.

రెండో పాఠం లెక్క. ఇంజనుకి 2,000 మిల్లీబార్ల గాలి కావాలనుకోండి. మన ఊళ్ళో బయట సుమారు 1,000 వుంది కాబట్టి టర్బో రెండింతలు నొక్కితే చాలు. అరకులో 910 వుంది కాబట్టి 2.2 ఇంతలు నొక్కాలి. ఫరవాలేదు, మంచి టర్బో ఆపాటి బరువు మోస్తుంది. అదే లేహ్‌లో, 3,500 మీటర్ల ఎత్తున, బయట 650 మాత్రమే. మూడింతలకి పైగా నొక్కాలి. లదాఖులోనే ఉమ్లింగ్ లా కనుమ మీద 2021లో 19,024 అడుగుల ఎత్తున రోడ్డు వేశారు. అక్కడ గాలి ఒత్తిడి మనదాంట్లో దాదాపు సగం. నొక్కాల్సింది పెరిగేకొద్దీ చక్రం ఇంకా వేగంగా తిరగాలి, గాలి ఇంకా వేడెక్కుతుంది. ప్రతి టర్బోకీ ఇంతకుమించి తిరగకూడదనే హద్దు వుంది. అది దాటితే రెక్కలు విరుగుతాయి, విరిగిన ముక్కలు ఇంజనులోకే పోతాయి.

అందుకే కంపెనీవాళ్ళు రాసిన లెక్కల్లో ఎత్తు పెరిగేకొద్దీ టర్బో బరువు కొంచెం కొంచెం తగ్గించేస్తారు. కొంత బలం వదులుకుని ఇంజను ప్రాణం కాపాడతారు. నిజంగా పనితెలిసిన ట్యూనరు కూడా అదే చేస్తాడు. బయటి ఒత్తిడి, లోపలి ఒత్తిడి, పొగ వేడి, టర్బో హద్దు అన్నీ కొలిచి, కింద ఒక లెక్క, పైన ఒక లెక్క రాస్తాడు. పెట్రోలు ఇంజనైతే ఎప్పుడు నిప్పు రగలాలో కూడా సరిచేస్తాడు. లేకపోతే లోపల టకటకమని కొట్టుకుని పిస్టన్లు పాడవుతాయి. ఇక్కడ, సముద్రం ఒడ్డున, షెడ్డు ముందు రోడ్డుమీద ఒక చుట్టు తిప్పి "ఎంత జోరో చూశారా!" అని చేతిలో పెట్టేవాడు ఇవేవీ చెయ్యడు. వాడు చేసింది కుక్కరు వెయిటుమీద రాయి పెట్టడం. ఇక్కడ పేలకపోవచ్చు. పూర్తి లోడుతో, మేనెల ఎండలో, ఏసీ వేసుకుని, ఘాటీ ఎక్కేటప్పుడు మాత్రం తేలిపోతుంది.

మా ఎరికలోనే ఒక కుటుంబం వుంది. పేర్లు అక్కర్లేదు. రెండేళ్ళ కిందట కొన్న ట్యాక్సీకి అలాంటి పెట్టె పెట్టించారు. ఒక ఏడాది బాగానే నడిచింది. తరవాత ఎండాకాలంలో కొండ బేరానికి వెళ్ళి దారిలోనే ఆగిపోయింది. టర్బో పోయింది, దానితో ఇంజనూ పోయింది. బండి మార్చిన జాడ కనిపించింది కాబట్టి గ్యారంటీ చెల్లదన్నారు. పెట్టె పెట్టినవాడు ఫోను ఎత్తలేదు. మూడు నెలల వాయిదాలు ఆగిపోయి, ఆడపిల్ల కాలేజీ ఫీజు కోసం దాచిన డబ్బు ఇంజనులో పోశారు. ఆ పిల్ల ఆ ఏడాది ఇంటిపట్టునే వుండిపోయింది. ఇంజను చెడితే మగవాడి బండి చెడిందంటారు. చదువు ఆగింది ఎవరిదో చూడండి.

అందుకే కిందటేడు మా మరదలు నా దగ్గరికి వచ్చినప్పుడు నేను తేలిగ్గా తీసుకోలేదు. మా తమ్ముడి కొడుకు అప్పుచేసి కారు కొన్నాడు, అరకు బేరాలు చేస్తాడు. ఉన్నట్టుండి బండి ఘాటీలో లాగడం మానేసింది, నల్లపొగ కక్కుతోంది. ఎవరో పెట్టె పెట్టించుకోమన్నారు. "వదినా, గుంటడు ఆ పెట్టె ఎట్టించకపోతే బేరాలు పోతాయంటన్నాడు. నా మెళ్ళో నాను తాకట్టెట్టమంటావా?" అని అడిగింది. మెడలో వున్నది అదొక్కటే.

మా వీధిలో ఒక పెద్దాయన వున్నారు. సాలూరు లారీల ఊరని మీకు తెలుసు కదా, ఆ లారీలమీద నలభై ఏళ్ళు మెకానిక్కుగా పనిచేసి ఇప్పుడు ఇంటిపట్టున వుంటున్నారు. నేనూ, మరదలూ వెళ్ళి అడిగాం. ఆయన ఒకే ఒక్క మాట అన్నారు. "అమ్మా, మొన్నటిదాకా ఎక్కిన బండి ఇవాళ ఎక్కట్లేదంటే దానికి బలం చాలక కాదు, రోగమొచ్చి. రోగానికి మందెయ్యాలి గాని సారా పోస్తే ఎలాగ?"

ఆయనే వచ్చి బానెట్టు ఎత్తించారు. గాలి ఫిల్టరు తీసి చూస్తే క్వారీ దుమ్ముతో అట్ట కట్టుకుపోయి వుంది. తరవాత నేను ముందు చెప్పిన రబ్బరు గొట్టం మీద చెయ్యి పోనిచ్చారు. క్లిప్పు దగ్గర నూనె మరక కనిపించింది. గొట్టం అక్కడ చీలింది. టర్బో కష్టపడి నొక్కిన గాలి సగం అక్కడే బయటికి పోతోంది. గాలి తక్కువ, డీజిలు ఎక్కువ, అందుకే పొగ. గ్యాసు సిలిండరు ట్యూబు చీలితే మంట రాలేదని ఇంకో సిలిండరు కొంటామా? గొట్టం, క్లిప్పు, ఫిల్టరు మార్చారు. పెట్టెకి అడిగిన డబ్బులో పదోవంతు కూడా కాలేదు. ఆ వారమే మావాడు అయిదుగురు మనుషుల్నీ, సామాన్లనీ వేసుకుని అరకు వెళ్ళి వచ్చాడు. "అత్తా, పొగన్నది నేదు" అని ఫోను చేశాడు. నాను మా మరదలి మెడలోనే వుంది.

చీలిన గొట్టానికి పైన ఆ పెట్టె తగిలించి వుంటే ఏమయ్యేదో ఆలోచించండి. గాలి అందని పొయ్యిలో ఇంకా కట్టెలు తోసినట్టయ్యేది. ఈ కాలపు డీజిలు బండ్లలో పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఒకటి వుంటుంది. నల్లపొగతో అది పూడుకుపోతే ఆ ఖర్చు వేరే.

ఇంకొక ముఖ్యమైన సంగతి. ఇంజను బలం పెంచినవాడు బ్రేకుల బలం పెంచడు. ఘాటీలో ప్రాణాలు పోయేది చాలాసార్లు ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. 2021 ఫిబ్రవరిలో అనంతగిరి దగ్గర డముకు మలుపులో యాత్రికుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. వాళ్ళు అరకు చూసి దిగి వస్తున్నవాళ్ళు. దిగేటప్పుడు టర్బో మనకి ఏ సాయమూ చెయ్యదు. అక్కడ కాపాడేది గేరు, ఓపిక.

చట్టం సంగతి కూడా ఒక మాట. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చడాన్ని కట్టడి చేస్తుంది. సుప్రీంకోర్టు కూడా 2019లో ఆ సంగతి గట్టిగా చెప్పింది. మార్చిన బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు సవాలక్ష ప్రశ్నలు వేస్తారు. అప్పుడు జవాబు చెప్పాల్సింది వాకిట్లో కూర్చున్న ఆడవాళ్ళే.

ఇక మీ ఇంట్లో కారు నడిపేవాళ్ళకి చెప్పాల్సిన నాలుగు మాటలు చెబుతాను. కాగితంమీద రాసి తలుపు వెనక అంటించినా మంచిదే.

ఘాటీ ప్రయాణానికి ముందు గాలి ఫిల్టరు, ఇంజను ఆయిలు, రేడియేటరు నీళ్ళు చూడాలి. రేడియేటరు మూత కూడా కుక్కరు మూతలాంటిదే. దాని రబ్బరు వదులైతే నీళ్ళు తొందరగా మరుగుతాయి. వేడిమీద మాత్రం ఆ మూత తియ్యకూడదు. ఆ సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మలుపు వచ్చాక గేరు మార్చడం కాదు, రాకముందే తగ్గించుకోవాలి. టర్బోకి పొగ బలం కావాలి. ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే చక్రం లేవదు. పెద్ద గేరులో ఆక్సిలరేటరు తొక్కి మూలిగించడం కన్నా చిన్న గేరులో హాయిగా తిప్పడం ఇంజనుకి సుఖం.

పైకి వెళ్ళాక టైర్లలో గాలి కొలిస్తే ముల్లు ఒకటి ఒకటిన్నర పౌన్లు ఎక్కువ చూపిస్తుంది. కంగారుపడి గాలి తీసెయ్యకండి. చిప్స్ పొట్లాం పొంగినట్టే అది కూడా బయటి గాలి తగ్గినందువల్ల. తీసేస్తే కిందికి వచ్చేసరికి టైర్లు మెత్తబడతాయి.

గట్టి ఎక్కుడు ఎక్కాక, గాలికొండ దగ్గర దృశ్యం చూడాలని బండి ఆపగానే టక్కున ఇంజను కట్టెయ్యకూడదు. ఒక నిమిషం అలా నడవనివ్వాలి. ఎర్రగా కాలిన టర్బోకి నూనె ఆగిపోతే ఆ నూనె అక్కడే మాడి గట్టిపడుతుంది. మూకుడులో నూనె మాడినట్టే. పిల్లలు దిగి ఒళ్ళు విరుచుకునేలోగా ఆ నిమిషం గడిచిపోతుంది.

దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. న్యూట్రల్‌లో వదలడం, డీజిలు కలిసొస్తుందని ఇంజను కట్టెయ్యడం చావుని పిలవడమే. బ్రేకుమీద కాలు నొక్కిపట్టి దిగితే బ్రేకులు కాలి పట్టు వదిలేస్తాయి. మాడిన వాసన వస్తే వెడల్పైన చోట ఆగి చల్లారనివ్వాలి. ఎదురుగా ఎక్కే బండి వస్తే దానికి దారి ఇవ్వాలి. అది నియమం కూడా, మర్యాద కూడా.

ఇదంతా విని "రేపు కరెంటు కార్లు వస్తున్నాయి కదా, ఈ గోలంతా ఎందుకు?" అని మీరు అడగవచ్చు. నిజమే, మోటారుకి గాలి పీల్చే పని లేదు. అదే పైక్స్ పీక్ కొండని 2018లో ఒక కరెంటు కారు 7 నిమిషాల 57 సెకన్లలో ఎక్కేసింది. ఆ కార్లు మన ఘాటీలకి నిండుగా వచ్చేదాకా డీజిలు, పెట్రోలు బండ్లే మనల్ని మోస్తాయి. వచ్చాక కూడా కొండ దిగేటప్పుడు ఓపిక మాత్రం మనుషులే పెట్టాలి.

మన అరకు కొండల ఎత్తుకి, రోగం లేని టర్బో బండికి కొత్తగా ఏ బలమూ అక్కర్లేదు. మీ ఇంట్లో ఎవరైనా "పెట్టె పెట్టిస్తాను" అంటే కోప్పడకండి. పక్కన కూర్చోబెట్టుకుని మూడు ప్రశ్నలు అడగండి. బండి ఇంతకుముందు ఎక్కేదా, ఎక్కట్లేదా? ఎక్కట్లేదంటే ఫిల్టరు, గొట్టాలు ఎవరైనా చూశారా? ఆ పెట్టె పెట్టేవాడు కొండమీద ఒత్తిడి, టర్బో హద్దు కొలిచి కాగితంమీద రాసి ఇస్తాడా? ఈ మూడింటికీ సరైన జవాబు వచ్చేదాకా ఇనప్పెట్టె తాళంచెవి మీ కొంగున వుండనివ్వండి.

ఎండాకాలం సెలవులకి కొండలమీదికి వెళ్ళేవాళ్ళందరూ క్షేమంగా ఎక్కి, అంతకన్నా క్షేమంగా దిగి రావాలని కోరుకుంటూ, సెలవు తీసుకుంటున్నాను.